తీగ నాదం, వాల్వు దీపం: కలకత్తా ఇళ్లలో గిటారు యాంప్లిఫయర్ చరిత్ర

సంగీత చరిత్ర రచనలో గాయకునికి, వాగ్గేయకారునికి, వాద్యకారునికి స్థానమున్నది. వాద్యాన్ని మలచిన వడ్రంగికి కూడ అరుదుగానైనా ఒక వాక్యం దక్కుతుంది. కాని ఆ నాదాన్ని పెంచి శ్రోత చెవికి చేర్చిన యంత్రానికి, ఆ యంత్రాన్ని ఇంటి బల్లపై బిగించిన చేతులకు మాత్రం చోటు దాదాపుగా లేదు. ఇరవయ్యో శతాబ్దపు సంగీతంలో అధికభాగం ఏదో ఒక దశలో విద్యుత్తు గుండా ప్రవహించి వచ్చినదే. మైకు, రేడియో, గ్రామఫోను, సినిమా అన్నింటికీ మూలాధారం ఒక చిన్న గాజు బుడ్డి. శాస్త్ర పరిభాషలో అది నిర్వాత నాళిక. రేడియో మెకానిక్కుల నోట వాల్వు. ఈ వాల్వుతో తక్కువ శక్తి గల గిటారు యాంప్లిఫయరును స్వయంగా తయారు చేసుకోవడం కేవలం పాశ్చాత్యుల వినోద వ్యాసంగమనే అభిప్రాయం ఒకటి ప్రచారంలో ఉన్నది. కలకత్తా నగర చరిత్రను పరిశీలిస్తే ఆ అభిప్రాయం సరికాదని తేలుతుంది.

2001 నుండి అధికారికంగా కోల్‌కతాగా వ్యవహరింపబడుతున్న ఈ నగరంలో వాల్వు మూడు అంచెలలో వేళ్లూనుకున్నది. మొదటిది ప్రయోగశాల, రెండవది కర్మాగారం, మూడవది ఇంటి బల్ల. మొదటి రెండింటి చరిత్ర గ్రంథస్థమైంది. మూడవది కాలేదు.

ప్రయోగశాల నుండి ప్రసార కేంద్రానికి

1895లో జగదీశ్‌చంద్ర బోస్ కలకత్తా టౌన్ హాలులో విద్యుదయస్కాంత తరంగాలను గోడల గుండా పంపి, దూరాన ఉన్న గంట మోగించి, తుపాకి మందు పేల్చి చూపించాడు. గెలీనా స్ఫటికంతో ఆయన రూపొందించిన గ్రాహకానికి 1904లో అమెరికా పేటెంటు లభించింది. అదే సంవత్సరం ఇంగ్లండులో ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడుల వాల్వును కనుగొన్నాడు. అయితే బోస్ స్ఫటికమైనా, ఫ్లెమింగ్ వాల్వైనా సంకేతాన్ని పసిగట్టగలవే గాని పెంచలేవు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఆ రెండు ఎలక్ట్రోడుల మధ్య గ్రిడ్ అనే సన్నని తీగ జల్లెడను అమర్చడంతో ఆ కొరత తీరింది. గ్రిడ్‌పై పడే స్వల్పమైన వోల్టేజి మార్పు, ప్లేటుకు చేరే పెద్ద ప్రవాహాన్ని తన వెంట నడిపిస్తుంది. పెద్ద కాలువకు చిన్న తూము తలుపు ఎట్లాంటిదో ఈ గ్రిడ్ అట్లాంటిది. ఆ తరువాత వచ్చిన యాంప్లిఫయర్లన్నీ ఈ ఒక్క సూత్రానికి విస్తరణలే.

కలకత్తాలో ఈ విద్య త్వరగానే పాదుకొన్నది. 1921లో అమరేంద్రచంద్ర గుప్తు 2 జె.కె. అనే సంకేతంతో భారతదేశపు తొలి అమెచ్యూర్ రేడియో లైసెన్సుదారు అయినాడు. 1923లో రేడియో క్లబ్ ఆఫ్ బెంగాల్ ఏర్పడింది. అదే ఏడు ఫ్రాన్సులోని నాన్సీ నగరంలో గూటన్ వద్ద వాల్వులపై పరిశోధన చేసి తిరిగివచ్చిన శిశిర్‌కుమార్ మిత్రా (1890–1963) కలకత్తా విశ్వవిద్యాలయంలో ఖైరా ఆచార్యుడుగా చేరి, వైర్‌లెస్ విద్యను భౌతికశాస్త్ర బోధనలో భాగం చేశాడు. ఆయన కృషి ఫలితంగానే 1949లో అక్కడ రేడియో ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్ ప్రత్యేక శాఖగా అవతరించింది. 1927 ఆగస్టు 26న ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ కలకత్తా కేంద్రం ప్రసారాలు ఆరంభించింది. 1936లో ఆలిండియా రేడియోగా మారిన ఆ వ్యవస్థకు 1958లో ఆకాశవాణి భవన్ సిద్ధమయ్యేవరకు గార్స్‌టిన్ ప్లేసులోని భవనమే నెలవు.

తెలుగువారికి కూడ ఈ కథలో ఒక పాత్ర ఉన్నది. మదరాసులో స్టూడియోలు నిలదొక్కుకొనక ముందు తెలుగు వాక్చిత్రాలు కొన్ని కలకత్తాలోనే రూపుదిద్దుకున్నాయి. సి. పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన ‘లవకుశ’ (1934) అక్కడి ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీ నిర్మించినదే. తెలుగు పల్లెలు బండ్లు కట్టుకొని వెళ్లి విన్న ఆ పద్యాలూ పాటలూ వాల్వుల ద్వారానే ధ్వని ముద్రితమై, వాల్వుల ద్వారానే తెర వెనుక నుండి పలికాయి.

కర్మాగారం, యుద్ధపు మిగులు

1930లో ఫిలిప్స్ సంస్థ కలకత్తాలో తన వ్యాపారాన్ని ప్రారంభించింది. 1938లో అక్కడ విద్యుద్దీపాల కర్మాగారాన్ని, 1948లో రేడియోల తయారీని నెలకొల్పింది. ఆ విధంగా తూర్పు భారతంలోని మధ్యతరగతి ఇళ్లలోకి వాల్వు రేడియో ప్రవేశించింది. గ్రామఫోను రికార్డుల తయారీకి కూడ ఈ నగరమే కేంద్రం. 1908లో సియాల్దాలోను, 1928లో డమ్‌డమ్‌లోను గ్రామఫోన్ కంపెనీ కర్మాగారాలు వెలిశాయి.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కలకత్తా మిత్రరాజ్యాల సేనలకు ప్రధాన స్థావరం. యుద్ధం ముగిశాక సైన్యం విడిచిపెట్టిన సామగ్రి వేలంలో అమ్ముడై అంగళ్లకు చేరింది. వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్లు, మీటర్లు అందులో భాగం. ధర్మతలకు సమీపాన ఉన్న చాందినీ చౌక్ విద్యుత్ సామగ్రికి, రేడియో విడిభాగాలకు పేరుమోసిన బజారు. శిథిల యంత్రంలోని పనికివచ్చే భాగాన్ని విప్పి, పరీక్షించి, మళ్లీ చెలామణిలోకి తెచ్చే సంస్కృతికి ఆ బజారు ఆలవాలం.

1957లో విదేశీ మారక ద్రవ్యపు కొరత తీవ్రమై దిగుమతులపై ఆంక్షలు బిగిసిన తరువాత ఈ సంస్కృతి అవసరం మరింత పెరిగింది. విదేశీ గిటారు యాంప్లిఫయరు సామాన్య సంగీతకారుని ఊహకు కూడ అందనిది. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1960ల ఆరంభంలో రేడియో వాల్వుల ఉత్పత్తికి పూనుకోవడంతో విడి వాల్వు మాత్రం స్వదేశంలోనే లభ్యమైంది. కొనదగిన యంత్రం లేదు, కూర్చదగిన భాగాలున్నాయి. స్వహస్త నిర్మాణానికి ప్రేరణ అభిరుచి ఒక్కటే కాదు, ఈ ఆర్థిక పరిస్థితి కూడ.

ఒడిలోని గిటారు

వంగదేశపు ఇళ్లలో వ్యాపించిన గిటారు, నేడు యువకులు భుజాన వేసుకొనే గిటారు కాదు. ఒడిలో అడ్డంగా పెట్టుకొని, తీగలపై ఉక్కు కడ్డీని జార్చుతూ మీటే హవాయి గిటారు. సమోవాలో జన్మించిన టౌ మో తన కుటుంబ బృందంతో 1940లలో కలకత్తాలో నివసించి ఈ వాద్యానికి ప్రాచుర్యం కల్పించాడు. నగరానికే చెందిన గార్నీ నిస్ తన అలోహా బాయ్స్ బృందంతో రికార్డులిచ్చాడు. తరువాతి తరంలో కాజీ నజ్రుల్ ఇస్లాం కుమారుడు కాజీ అనిరుద్ధ (1931–1974), బటుక్ నందీ, సునీల్ గంగూలీ రవీంద్ర సంగీతాన్ని, నజ్రుల్ గీతాలను, సినిమా పాటలను ఈ గిటారుపై పలికించి ఇంటింటికీ చేర్చారు. హార్మోనియంతో పాటు హవాయి గిటారు కూడ బెంగాలీ మధ్యతరగతి కుటుంబాలలో పిల్లలకు నేర్పించే వాద్యమయింది.

దీనికి బలమైన సంగీత కారణమున్నది. హార్మోనియంపై స్వరం మెట్టు మెట్టుగా నడుస్తుంది, జారు పలకదు. ఉక్కు కడ్డీ కింద స్వరం స్వరంలోకి కరిగిపోతుంది. మన వైణికులు జారు గమకమని, హిందుస్థానీ విద్వాంసులు మీండ్ అని పిలిచేది ఇదే. అయితే మామూలు కొయ్య గిటారుపై మీటిన నాదం క్షణాలలో సన్నగిల్లుతుంది. జారు మధ్యలోనే ప్రాణం పోతుంది. ఇక్కడ యాంప్లిఫయరు పాత్రను సరిగా గుర్తించాలి. అది నాదాన్ని బిగ్గర చేయడమే గాక, క్షీణిస్తున్న నాదపు తోకను కూడ చెవికి అందే స్థాయిలో నిలుపుతుంది. అనగా వాద్యానికి నిడివినిస్తుంది. ప్రపంచంలో వ్యాపార సరళిలో విజయవంతమైన తొలి విద్యుత్ గిటారు సైతం, 1930ల ఆరంభంలో అమెరికాలో జార్జి బోషాం రూపొందించిన ‘ఫ్రయింగ్ పాన్’, ఒడిలో పెట్టుకొనే హవాయి గిటారే కావడం యాదృచ్ఛికం కాదు. 1948లో ఫెండర్ సంస్థ విద్యార్థుల కోసం విడుదల చేసిన ‘చాంపియన్ 800’ చిన్న యాంప్లిఫయరు కూడ ఈ తరహా గిటారుకు జోడీగా వచ్చినదే.

తెలుగు పాఠకులకు ఈ విషయాన్ని బోధపరచడానికి ఉత్తమ నిదర్శనం పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014). జంట తీగల మాండలిన్‌పై కర్ణాటక గమకం నిలవదన్న పూర్వాభిప్రాయాన్ని ఆయన ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్‌తో పూర్వపక్షం చేశారు. ఆ వాద్యం గట్టి కొయ్య ముక్క. దాని గాత్రం యాంప్లిఫయరులోనే ఉన్నది.

రేడియో వెనుక రెండు రంధ్రాలు

పెద్ద వాల్వు రేడియోల వెనుక భాగంలో గ్రామఫోను పికప్‌ను కలుపుకొనేందుకు రెండు రంధ్రాలుండేవి. గిటారు తీగను అందులో చొప్పిస్తే రేడియో పాక్షికంగా యాంప్లిఫయరుగా పనిచేస్తుంది. కాని ఆ నాదం బలహీనం. గ్రామఫోను స్ఫటిక పికప్ ఇచ్చే సంకేతంతో పోలిస్తే గిటారు పికప్ సంకేతం చాల స్వల్పం. తరచుగా వోల్టులో పదవ వంతు, లేదా అంతకంటె తక్కువ. అందువల్ల రేడియోలోని ధ్వని విభాగానికి ముందు మరొక దశ అవసరమవుతుంది. ఈ ఒక్క అవసరమే మరమ్మతు తెలిసిన చేతులను నిర్మాణం వైపు నడిపిస్తుంది.

సరళమైన ఇంటి యాంప్లిఫయరుకు మూడు వాల్వులు చాలు. మొదటిది ఇ.సి.సి. 83. ఒకే గాజు బుడ్డిలో ఉన్న రెండు ట్రయోడులలో మొదటిది గిటారు సంకేతాన్ని యాభై, అరవై రెట్లు పెంచుతుంది. తరువాత వాల్యూం, టోన్ నియంత్రణలు. వాటిలో జరిగే నష్టాన్ని రెండవ ట్రయోడు పూడుస్తుంది. ఆ పైన ఇ.ఎల్. 84 అనే పెంటోడు. 250 వోల్టుల వద్ద 48 మిల్లీ ఆంపియర్లు గ్రహించి, అనగా 12 వాట్లు తాను వెచ్చించి, స్పీకరుకు సుమారు 5 వాట్లు ఇస్తుంది. మిగిలినది వేడి. మూడవది ఏకముఖ విద్యుత్తును తయారుచేసే ఇ.జెడ్. 81, దానికి బదులుగా తరువాతి కాలంలో సిలికాన్ డయోడులు వచ్చాయి. ఇంతకంటె పొదుపైన మార్గం పాత రికార్డు ప్లేయరును విప్పడం. అందులోని ఇ.సి.ఎల్. 82లో ఒక ట్రయోడు, ఒక పెంటోడు కలిసే ఉంటాయి; మూడు వాట్లకు పైగా శక్తి వస్తుంది.

వాల్వు కంటె కీలకమైనది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. వాల్వుకు వేల ఓముల భారం కావాలి. స్పీకరు కొద్ది ఓములదే. ఈ రెంటినీ పొత్తు కుదిర్చేది ట్రాన్స్‌ఫార్మరే. ఒకే పెంటోడు ఉన్న యాంప్లిఫయరులో ఏకముఖ ప్రవాహం ఎప్పుడూ ఒకే దిశలో పోతుంది గనుక ఇనుప రేకుల మధ్య సన్నని ఖాళీ విడువనిదే ఇనుము సంతృప్తమై నాదం చెడుతుంది. పాత రేడియో నుండి విప్పిన ట్రాన్స్‌ఫార్మరులో ఆ ఖాళీ ముందే ఉంటుంది. మంద్రస్వరాలు కొంత పలచబడినా గిటారుకు అది సరిపోతుంది. గుయ్యిమనే శబ్దం రాకుండా ఫిలమెంటు తీగలను మెలిపెట్టి అల్యూమినియం చట్రానికి ఆనించి నడపడం, మొదటి వాల్వును పవర్ ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా నిలపడం, భూమి కలయికలను ఒకచోటికి చేర్చడం అనుభవం మీద పట్టుబడే మెళకువలు. ఇవి వలయ చిత్రంలో కనబడవు.

ఐదు వాట్లు చాలునా అన్న ప్రశ్న సహజం. ఇంటి గదికి అది ధారాళం. పైగా చిన్న యాంప్లిఫయరును దాని పరిమితి వరకు నడిపించవచ్చు. ఆ పరిమితి వద్ద వాల్వు నాదాన్ని ఒక్కసారిగా తెగగొట్టదు. అంచులను గుండ్రంగా వంచుతుంది. సంగీతకారులు వెచ్చదనమని వర్ణించేది ఈ వంపునే. ఎక్కువ శక్తి గల యంత్రంతో అదే గుణం రావాలంటే ఇరుగుపొరుగు నిద్ర మానుకోవలసి వస్తుంది.

నగరపు విద్యుత్తు, పొంచి ఉన్న ప్రాణాపాయం

ఈ విద్యలో ప్రాణాపాయం పొంచి ఉన్నది. కలకత్తాలో అది మరింత ప్రత్యేకమైనది. 1899లో విద్యుత్ సరఫరా ఆరంభమైన ఈ నగరంలో నడిబొడ్డునున్న కొన్ని ప్రాంతాలకు దశాబ్దాల తరబడి డి.సి. విద్యుత్తే అందింది. డి.సి.పై ట్రాన్స్‌ఫార్మరు పనిచేయదు. అందువల్ల అక్కడి వినియోగదారుల కోసం ఎ.సి., డి.సి. రెండింటిపై నడిచే రేడియోలు వచ్చాయి. వాటిలో వాల్వుల ఫిలమెంట్లన్నీ వరుసగా కలిపి నేరుగా మెయిన్సుకు తగిలిస్తారు. ఆ రేడియో లోహపు చట్రం మెయిన్సు తీగలలో ఒకదానికి కలిసే ఉంటుంది. కొయ్య పెట్టెలో మూసి ఉన్నంతవరకు అది నిరపాయమే. కాని గిటారు తీగలు పికప్ తొడుగు ద్వారా యాంప్లిఫయరు చట్రానికి కలుస్తాయి. అటువంటి రేడియోకు గిటారును తగిలిస్తే, వాదకుని వేళ్లకూ వీధిలోని మెయిన్సుకూ మధ్య అడ్డు ఉండదు. కనుకనే పవర్ ట్రాన్స్‌ఫార్మరు లేని రేడియోను గిటారు కోసం వాడరాదన్నది ఈ పనిలో మొదటి సూత్రం.

మిగిలిన జాగ్రత్తలు కూడ ఇంతే కచ్చితమైనవి. ప్లగ్గు తీసివేసిన తరువాత సైతం ఫిల్టర్ కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. వాటిని రెసిస్టరు ద్వారా ఖాళీ చేసి, మీటరుతో నిర్ధారించుకొన్న తరువాతనే చట్రంలో చెయ్యి పెట్టాలి. యంత్రం నడుస్తుండగా పరీక్షించవలసివస్తే ఒక చేతిని జేబులో ఉంచుకోవాలని రేడియో పనివారు శిష్యులకు నేర్పేది, ప్రవాహం గుండె మీదుగా పోకుండా ఉండేందుకే. చట్రానికి మూడు పిన్నుల ప్లగ్గుతో భూమి కలయిక తప్పనిసరి. స్పీకరు తగిలించకుండా యంత్రాన్ని నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు దెబ్బతింటుంది. విద్యుత్ శాస్త్రం చదివినవారి పర్యవేక్షణ లేకుండా ఈ పనికి పూనుకోరాదు.

వాల్వు అస్తమయం, పునరుదయం

1947లో బెల్ ప్రయోగశాలలలో పుట్టిన ట్రాన్సిస్టరు 1960లలో మన రేడియోలలో ప్రవేశించింది. అది చౌక, తేలిక, బ్యాటరీతో నడుస్తుంది. 1970ల చివర కలకత్తా జనజీవనాన్ని లోడ్‌షెడ్డింగ్ అతలాకుతలం చేసినప్పుడు ఈ చివరి గుణానికి విలువ పెరిగింది. మెయిన్సు లేనిదే వెలగని వాల్వు చీకటి గదిలో మూగబోయింది. ఇదే కాలంలో నగర సంగీతం మరో మలుపు తిరిగింది. పార్క్ స్ట్రీట్ హోటళ్లలోని వాద్యబృందాల వెలుగు మసకబారుతుండగా, 1970ల నడుమ గౌతమ్ చట్టోపాధ్యాయ ప్రభృతులు స్థాపించిన మొహీనేర్ ఘోరాగులి బృందం 1977లో తొలి రికార్డు వెలువరించి, బాఉల్ బాణీని విద్యుత్ గిటారు సంప్రదాయంతో మేళవించింది. హవాయి గిటారు కూడ శాస్త్రీయ వేదిక నెక్కింది. అలీ అక్బర్ ఖాన్ శిష్యుడైన బ్రిజ్‌భూషణ్ కాబ్రా, ఆయన వద్ద శిక్షణ పొందిన కలకత్తా విద్వాంసుడు దేబాశీష్ భట్టాచార్య దానికి రాగసంగీతంలో స్థిరమైన గౌరవాన్ని సంపాదించారు.

1991 అనంతరం దిగుమతులు సరళమై విదేశీ యాంప్లిఫయర్లు అంగళ్లలో దర్శనమిచ్చాయి. కొరత తీరింది. ఆశ్చర్యకరమేమంటే, కొరత తీరిన తరువాత కూడ వాల్వుపై మక్కువ తీరలేదు. నేడు కొత్త వాల్వులు ప్రధానంగా స్లొవేకియా, రష్యా, చైనాల నుండి వస్తున్నాయి. ఒకనాడు గత్యంతరం లేక బిగించుకొన్న చిన్న యంత్రాన్ని, నేడు దాని నాదగుణాన్ని ఎరిగి కోరి బిగించుకొనే వారున్నారు. అవసరం అభిరుచిగా పరిణమించిన ఈ క్రమం చేనేత, చేతి కాగితం వంటి వృత్తుల చరిత్రలో మనకు సుపరిచితమే.

కాని ఈ పునరుదయంలో ఒక లోపమున్నది. కొత్త తరం నిర్మాతలకు అమెరికా, ఇంగ్లండు వలయ చిత్రాలు తెలుసు. తమ నగరపు మెకానిక్కుల పరంపర తెలియదు. డి.సి. వీధిలో ఏ రేడియోను తాకరాదో, ఏ రికార్డు ప్లేయరు ట్రాన్స్‌ఫార్మరు గిటారుకు నప్పుతుందో తెలిసిన జ్ఞానం గ్రంథాలలో లేదు. అది చేతివేళ్లలోను, దుకాణాల నోటు పుస్తకాలలోను, రేడియో పెట్టెల లోపల అంటించిన వలయ చిత్రాలలోను నిలిచింది. రేడియో తుక్కుకు పోయినప్పుడు ఆ కాగితం కూడ దానితోనే పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే పనివాడు దుకాణం మూసినప్పుడు చుట్ల లెక్క కూడ మూతపడుతుంది.

1959లో ప్రారంభమైన బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం, శిశిర్‌కుమార్ మిత్రా నెలకొల్పిన విశ్వవిద్యాలయ శాఖ ఉన్న నగరానికి ఈ పని అసాధ్యం కాదు. పాత మెకానిక్కుల జ్ఞాపకాలను ధ్వనిముద్రణ చేయడం, వలయ చిత్రాలను, చుట్ల లెక్కలను ప్రతులు తీసి భద్రపరచడం, ఒక హవాయి గిటారును, ఇంట్లో బిగించిన ఒక యాంప్లిఫయరును పక్కపక్కన నిలిపి పలికించి చూపడం స్వల్ప వ్యయంతో సాధ్యమయ్యే కార్యక్రమాలు. అద్దాల బీరువాలో నిశ్శబ్దంగా పడివున్న వాల్వు గాజు బుడ్డి మాత్రమే. ఫిలమెంటు ఎర్రబడి, తీగ మీటినప్పుడే అది చారిత్రక సాక్ష్యమవుతుంది.

ఒక దేశంలో విజ్ఞానం ఎంత లోతుగా నాటుకున్నదో తెలుసుకొనడానికి ప్రయోగశాలల సంఖ్య, కర్మాగారాల ఉత్పత్తి కొలమానాలుగా చెలామణి అవుతున్నాయి. వాటితో పాటు, విజ్ఞానం సామాన్యుని ఇంటి బల్ల వరకు వచ్చిందా, అతని పాటకు పనికివచ్చిందా అన్న ప్రశ్న కూడ వేయాలి. కలకత్తా ఇళ్లలో ఐదు వాట్ల యాంప్లిఫయరు ఆ ప్రశ్నకు అనుకూలమైన సమాధానమే ఇచ్చింది. ఆ సమాధానాన్ని విన్న తరం ఉన్నప్పుడే దానిని నమోదు చేయడం సంస్కృతీ పరిరక్షణ బాధ్యత వహించిన సంస్థల కర్తవ్యం.